చిట్టెమ్మ తొమ్మిది పెట్టెలు

బావికి ఇంకా పంతొమ్మిది రోజులు

ఇంగ్లిష్‌లో రాస్తే బడి స్క్రీన్ చదివేస్తుంది. కాగితం మీద రాసి దాని ముందు నుంచి నడిచినా చాలు, చదివేసి "నూకరత్నం ఈ వారం దిగులుగా ఉంది" అని అమ్మకి కబురు పంపుతుంది. అమ్మ సరుకుల పడవ నడుపుతుంది. సముద్రం మధ్యలో ఆ కబురు చూసుకుని కంగారుపడి ఫోన్ చేస్తుంది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. స్క్రీన్‌కి తెలుగు రాదు. నాకూ అంత బాగా రాదు, అమ్మమ్మ నోటుబుక్కులు చదివి నేర్చుకున్నదే. తప్పులుంటే ఉండనీ.

ఈ రోజు పొద్దున్న అమ్మమ్మ నన్ను రాళ్ల షెడ్డుకి పంపింది. బావి ప్రారంభం రోజున ఊళ్లోవాళ్లకి చూపించడానికి తొమ్మిదో పెట్టెలోంచి ఒక ముక్క కోసి, నున్నగా అరగదీసి తెమ్మంది. తొమ్మిదో పెట్టె అంటే అన్నిటికన్నా అడుగు రాయి, మా లంక నిప్పుల కొండ చిట్టెమ్మ పుట్టినప్పటిది. రెండొందల ఏళ్ల కిందటిది. అప్పటికి ఈ లంక మీద మనిషి అనేవాడు లేడు. మావాళ్లు ఇక్కడికి వచ్చి నలభై ఏళ్లే అయింది.

పెట్టెలో మొదటి వరసలో మొదటి ముక్క తీశాను. గట్టిపడిన బూడిద, చెరుకు ముక్కంత ఉంది. రంపం పెట్టగానే రెండుగా విచ్చుకుంది. లోపల ఆకుపచ్చగా ఏదో మెరిసింది. పచ్చగింజ అనుకున్నాను, చిట్టెమ్మ రాళ్లలో అవి ఉంటాయి కదా. గోటితో గీకితే వంకరగా బయటికొచ్చింది. ఒక వైపు నున్నగా ఉంది, రెండో వైపు బంగారు రంగు గీత ఉంది.

గాజు ముక్క. ఎవరిదో చేతి గాజు.

"ఓలే గుంటా, ఏటా సప్పుడు? రాయి ఇరిగిపోయిందేటి?" అని వాకిట్లోంచి అమ్మమ్మ అరిచింది.

"లేదమ్మమ్మా, గ్లాసు పడింది" అన్నాను.

గాజు ముక్కని జేబులో వేసుకున్నాను. అమ్మమ్మ అడిగిన దానికి రెండో వరసలోంచి ఇంకో ముక్క కోశాను.

బావికి ఇంకా పద్దెనిమిది రోజులు

మనుషులే లేని కాలం నాటి బూడిదలోకి గాజు ఎలా వస్తుంది? రాత్రంతా ఆలోచించాను అని రాస్తే అబద్ధం. ఆలోచించడానికి ఏమీ లేదు. చూడగానే తెలిసిపోయింది. చేసింది నేనే కాబట్టి.

రాస్తాను. ఎక్కడో ఒక చోట రాయాలి.

నాకు పదేళ్లప్పుడు అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి ఒడ్డుకి వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయింది. ఆమె లేనప్పుడే ఆమె కొడుకు అప్పన్న మావా, ఆయన మనుషులూ పాత గుడిసెల వరస దగ్గర బోరు వేసి, ముప్పై ఆరు మీటర్ల రాయిని ముక్కలు ముక్కలుగా పైకి తీశారు. తొమ్మిది చెక్కపెట్టెల్లో సర్ది షెడ్డులో ఒకదాని మీద ఒకటి పెట్టారు. పెట్టెల మీద సుద్దతో నంబర్లు వేశారు. ప్రతి ముక్కకీ పైవైపు పసుపు, కిందవైపు కుంకుమ రాశారు. పెయింటు దొరకదు కాబట్టి మా లంకలో రాయికి తలా కాళ్లూ చెప్పేది పసుపు కుంకుమలే.

ఆ ఏడు దసరాలో ఆయుధ పూజ వచ్చింది. అందరూ అన్నీ కడుగుతున్నారు. మావ డ్రిల్లు కడిగాడు, పక్కింటివాళ్లు పడవ ఇంజను కడిగారు, అమ్మ చుక్కాని కడిగింది. నేను షెడ్డుకి వెళ్లి అమ్మమ్మ రాళ్లు కడిగాను.

చాలా జాగ్రత్తగానే కడిగాను. ఒక్కో పెట్టె కిందికి దించి, ఒక్కో ముక్క తీసి, సబ్బునీళ్లతో తోమి, మళ్లీ దాని చోటులోనే పెట్టాను. పసుపు ఉన్న చోట పసుపు, కుంకుమ ఉన్న చోట కుంకుమ మళ్లీ రాశాను. పెట్టెలు కూడా తోమాను. సుద్ద నంబర్లు పోయాయి. ఫరవాలేదులే అనుకుని, ఎండలో ఆరిన వరస ప్రకారం ఒకటి, రెండు, మూడు అని మళ్లీ వేశాను. అన్నిటికన్నా పైన ఉన్నది ముందు దించాను కదా, అది ఒకటి అయింది.

కానీ మావవాళ్లు ముందు నింపిన పెట్టెని ముందు కింద పెట్టి ఉంటారు. నేల దగ్గరి రాయి ఉన్న పెట్టె అడుగున ఉంటుంది. అంటే నా ఒకటి నిజానికి తొమ్మిది. నా తొమ్మిది నిజానికి ఒకటి.

పెట్టె లోపల అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మమ్మ నోటుబుక్కులో నాలుగు చోట్ల "ఇక్కడ ముక్క దొరకలేదు" అని ఉంది. ఒక పెట్టె చివర రాయి పక్క పెట్టె మొదటి రాయితో కలవకపోతే, మధ్యలో ముక్క బోరులోనే పడిపోయిందనుకుని అలా రాసుకుంది. ముక్కలేవీ పోలేదు. పెట్టెలే తిరగబడ్డాయి.

బావికి ఇంకా పదహారు రోజులు

పొద్దున్న వాకిట్లో బూడిద ఊడ్చాను. కొండ ఆవిరితో ఊరంతా వండుకునే ఆవిరి గుంట దగ్గర మా కుండలు పెట్టి వచ్చాను. తర్వాత రోజూలాగే అమ్మమ్మ పక్కన కూర్చుని మైక్రోస్కోపులో చూసి చెప్పాను. ఆపరేషన్ అయిన రెండేళ్లు బాగానే చూసింది, తర్వాత మళ్లీ మబ్బు కమ్మింది. ఇప్పుడు ఆమెకి వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. కాగితమంత పల్చగా అరగదీసిన రాతిలో ఏముందో నేను చూసి చెప్తే ఆమె నోటుబుక్కులోకి ఎక్కించమంటుంది.

"ఏటి కనిపిస్తంది?"

"తెల్లవి పొడుగ్గా, బద్దల్లా ఉన్నాయి. పచ్చవి లేవు."

"ఎన్నో పెట్టి?"

"రెండు."

"అదీ! నాను సెప్పలా?" అని నవ్వింది. బోసినోరు నవ్వు. "పప్పుచారు కాసి కదపకుండా ఒగ్గేత్తే పప్పు అడుక్కి దిగిపోద్దా? అలాగే భూమి కడుపులోంచి కరిగి వొచ్చిన రాతిముద్ద మజ్జిలో మడుగు కట్టి నిలవుండిపోతే పచ్చగింజలన్నీ అడుక్కి దిగిపోతాయి. పైన తెల్లయ్యే మిగుల్తాయి. తొమ్మిదో పెట్టిలో అంతా పచ్చే. అంటే పుట్టినప్పుడు బాగా లోతునించి, యేడి యేడిగా వొచ్చింది. ఒకటో పెట్టికొచ్చీసరికి నిలవ సరుకు. సల్లారిపోతంది మన చిట్టెమ్మ. పాపం, అలిసిపోయింది."

ఈ మాట చెప్పేటప్పుడు అమ్మమ్మ ఎప్పుడూ కొండవైపు మొహం తిప్పుతుంది. కనపడదు, అయినా తిప్పుతుంది.

ఈ మాట నమ్మే మా ఊరు లోతు బావి తవ్వుతోంది. ఇప్పటికి తొమ్మిది వందల మీటర్లు దిగింది. ప్రారంభం రోజున అందరి ముందూ మిగతా రెండొందల మీటర్లు కోస్తారు. అక్కడ సగం చల్లారిన ముద్ద ఉంటుందని, దానికి గొట్టాలు తగిలిస్తే యాభై ఏళ్లు కరెంటుకీ మంచినీళ్లకీ లోటుండదని అమ్మమ్మ రాసిన కొండ చరిత్ర చెప్తోంది. పెట్టెలు తిరగేస్తే అదే చరిత్ర ఇంకోటి చెప్తుంది. కొత్తగా, వేడిగా, గాలి నిండిన రాతి ముద్ద లోతు నుంచి పైకి వస్తోందని. గొట్టం తగలగానే సోడా సీసా మూత తీసినట్టే ఉంటుంది.

ఆ రోజు డ్రిల్లు దగ్గర నిలబడేది అప్పన్న మావ. ఆయనతో పాటు ఇంకో ఆరుగురు.

చెప్దామని నోరు తెరిచాను. "అమ్మమ్మా..."

"ఏటే?"

"టీ పెట్టనా?"

బావికి ఇంకా పన్నెండు రోజులు

ఆవిరి గుంట మీంచి అన్నం కుండ దించడానికి వెళ్తే అన్నం మాడిపోయింది. ఎప్పుడూ ఇరవై నిమిషాలు పడుతుంది. ఇవాళ పద్నాలుగు నిమిషాలకే అడుగంటింది. గుంట దగ్గర ఆడవాళ్లంతా "బేగి ఉడికిపోతంది, మంచిదే కదేటి" అని సంబరపడ్డారు.

సాయంత్రం మావ వచ్చాడు. ఆయన ఇంట్లోకి రాడు, ముందు గుమ్మం దగ్గర నిలబడి నన్ను ఏడిపించి, తర్వాత వస్తాడు.

"ఏటే మేడమ్మా! ఇంగిలీసు బడి మూసీసారేటి, మాడిన బువ్వ వండుతన్నావు?"

"మావా, కింద మీరనుకున్న దానికన్నా వేడిగా ఉంటే?"

"ఉంటే మంచిదే గదా. నీ పెళ్లికి ఇడ్లీలు అయిదు నిమిషాల్లో దించీవొచ్చు."

"నిజంగా అడుగుతున్నాను. వేడి కొలిచే తీగ వేసి చూడొచ్చు కదా?"

"ఆ తీగ తెగి అడుగున పడిపోయింది కదేటి. కొత్తది మీ యమ్మ పడవలో వొచ్చే నెల వొత్తాది. తీగెందుకే పిచ్చిగుంటా, మీ అమ్మమ్మ ఉండగా? ఆవిడ సెప్పింది అచ్చరం తప్పదు."

అమ్మమ్మ మంచం మీంచి వింటూ మురిసిపోయింది. బావికి "సింహాద్రమ్మ బావి" అని పేరు పెట్టాలని కమిటీ అనుకుంటోంది. ఊళ్లో అందరూ ఆమెని రాళ్ల సింహాద్రమ్మ అంటారు. చిన్నప్పుడు ఆమె చేపలు ఎండబెట్టేది. ఒడ్డున ఉన్న పాత ఊరు మునిగిపోయి ఇక్కడికి వచ్చాక రాళ్ల మీద చేపలు ఆరబెడుతూ ఆరబెడుతూ, ఆ రాళ్లు ఎక్కడివని అడగడం మొదలుపెట్టిందట. చదువంతా తర్వాతే, తనంతట తనే నేర్చుకుంది. ఈ పెట్టెలు చూసి చిట్టెమ్మ చరిత్ర రాయడానికి ఆరేళ్లు పట్టింది.

ఆరేళ్లూ నా నంబర్ల మీదే నడిచింది.

బావికి ఇంకా తొమ్మిది రోజులు

ఉత్తరం రాశాను. పేరు లేకుండా. ఇంగ్లిష్‌లోనే రాశాను, తెలుగులో రాస్తే నా రాత అందరికీ తెలుసు. బడిలో స్క్రీన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు పాత కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింటు తీసి, కమిటీ ఆఫీసు తలుపు కింద నుంచి తోసేశాను. "టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్" అని మొదలుపెట్టాను. పెట్టెల వరస తలకిందులై ఉండొచ్చని, పరీక్ష చేసేవరకూ బావి ఆపాలని రాశాను. చివర "ఎ వెల్ విషర్" అని పెట్టాను.

వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాను.

బావికి ఇంకా ఏడు రోజులు

ఉత్తరం మా ఇంటికే వచ్చింది.

కమిటీ ప్రెసిడెంటు దండాసి తాత దాన్ని మావ చేతికిచ్చి, "ఇదేటో సూడరా, మీ యమ్మకి సంబందించిందే" అన్నాడట. మావ గుమ్మంలో నిలబడి కూడబలుక్కుంటూ చదివాడు.

"టూ హూం... సోయవరు. ఎవుడమ్మా ఈ సోయవరు? మనూరోడు కాడు."

"ఏటి రాసేడు?" అంది అమ్మమ్మ.

"నీ పెట్టిలు తలకిందులంట. నీ లెక్క తప్పంట. బావి ఆపాలంట."

అమ్మమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మంచం పట్టీ మీద చేత్తో నిమురుతూ కూర్చుంది. మావ చేతిలోని కాగితం వైపు మొహం తిప్పి అంది, "కళ్లు కనపడనోళ్ల లెక్క ఎవుడు నమ్ముతాడులే. నమ్మకపోతే పోనీ. మొగం మీద సెప్పొచ్చు గదా. ఎదురుగా కూకుని, ఇదిగో సింహాద్రమ్మా ఇక్కడ తప్పని సెప్తే నానింటాను. ఇననేటి? దొంగోడిలాగ తలుపు కింద ఎడతాడా?"

మావ కాగితం ఉండ చుట్టి పొయ్యిలో పడేశాడు. నేను పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. అన్నీ ఒలిచాను. తొక్కలు గిన్నెలో, గింజలు చెత్తలో వేశానని తర్వాత చూసుకున్నాను.

బావికి ఇంకా అయిదు రోజులు

చెప్పేశాను.

మధ్యాహ్నం మావ కొత్త చొక్కా తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "గుండీ ఊడింది, కుట్టీయే. బావి రోజున అందరూ నన్నే సూత్తారు" అన్నాడు. సూదిలో దారం ఎక్కించాను. గుండీ ఉన్న చోటు సరిగ్గా గుండె మీద. సూది వేల్లోకి దిగింది. మావ అప్పటికే ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

అమ్మమ్మ మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి తీసుకుని అందులో గాజు ముక్క పెట్టాను.

"ఏటిది?"

"గాజు. తొమ్మిదో పెట్టెలో మొదటి ముక్కలో ఉంది. బూడిద మధ్యలో."

ఆమె దాన్ని వేళ్లతో తిప్పింది. పెదవికి ఆనించి చూసింది. గీత ఉన్న చోటు గోటితో తడిమింది. నేను ఆగకుండా చెప్పేశాను. ఆయుధ పూజ, సబ్బునీళ్లు, సుద్ద నంబర్లు, ఎండలో ఆరబెట్టిన వరస, ఉత్తరం, అన్నీ. ఏడుస్తూ చెప్పాను కాబట్టి సగం అర్థమైందో లేదో.

ఆమె తిడుతుందని ఎదురు చూశాను. ఆమె ప్రశ్నలు వేసింది.

"పెట్టి లోపల ముక్కలు కలిపీసావా?"

"లేదు. ఒక్కో ముక్కా దాని చోటే."

"ముందు దించింది ఏది? మీదదా, అడుగుదా?"

"మీదది."

"ఎల్లి మీ మావని పిలు. పరిగెట్టు."

మావ వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయి మా మొహాలు చూసి ఊరుకున్నాడు.

"అప్పన్నా, ఆ బోరు ఏసినప్పుడు మొదట నింపిన పెట్టి ఎక్కడ ఎట్టారు?"

"కిందెట్టాం. దాని మీద ఇంకోటి. మరెలా ఎడతారు?"

"బోరు నోట్లో ఏటొచ్చింది? రాయా, బూడిదా?"

"బూడిదే. ముప్పై ఏళ్ల కిందట పడ్డ బూడిద. అది పడ్డాకే కదా గుడిసెలు ఒగ్గేసి జనం ఇటొచ్చీసారు." మా ఇద్దరి వైపూ చూశాడు. "ఎందుకూ?"

అమ్మమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. తొమ్మిది పెట్టెల్నీ మనసులో తిరగేస్తోందని నాకు తెలుసు. ముక్క పోయిందనుకున్న ఆ నాలుగు చోట్లూ కలిసిపోవడం ఆమె మొహంలోనే చూశాను.

"పచ్చగింజలు పైకొచ్చీసాయిరా" అంది మెల్లగా. "బావి ఆపు."

"అమ్మా, అయిదు రోజుల్లో..."

"ఆపరా!"

నేను ఆమె మోకాళ్లు పట్టుకున్నాను. "నన్ను తిట్టు అమ్మమ్మా."

"తిట్టడానికి ఇప్పుడు తీరిక నేదు. లేచి నా సీర మడతలు సరిసెయ్. కమిటీకి ఎల్దాం."

బావికి ఇంకా నాలుగు రోజులు

కమిటీ హాలులో అరవై మంది. డ్రిల్లు దగ్గర పనిచేసే ఆరుగురి భార్యలూ వచ్చారు. అమ్మమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది.

"నా లెక్క తిరగబడింది. తప్పు నాదే" అంది.

దండాసి తాత కోపంగా లేడు. అలిసిపోయినట్టు ఉన్నాడు. "ఆరేళ్లుగా నువ్వు సెప్పిందే నమ్మాం సింహాద్రమ్మా. రెండేళ్లు ఊరంతా రెక్కలిరుసుకుంది ఆ బావికి. ఇప్పుడు తిరగబడిందంటే మేం ఏది నమ్మాలి? నిన్నటి సింహాద్రమ్మనా, ఇయాల్టి సింహాద్రమ్మనా?"

వెనకనుంచి ఎవరో "కళ్లు కనపడనావిడ మాట మీద తవ్వడం మనదే తప్పు" అన్నారు.

అమ్మమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. ఆమె నా పేరు చెప్పదని నాకు అప్పుడు అర్థమైంది. ఎప్పటికీ చెప్పదు. బతికినన్నాళ్లూ ఆ మాట పడుతుంది.

"కళ్లది కాదు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "కళ్లది కాదు తప్పు. పెట్టెల నంబర్లు చెరిపేసి మళ్లీ వేసింది నేను. పదేళ్లప్పుడు. ఉత్తరం రాసింది కూడా నేనే."

అందరూ నావైపు తిరిగారు. ముందు వరసలో ఉన్న ముసలావిడ "ఓలమ్మ, ఈ గుంటేనా హూంసోయవరు!" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

దండాసి తాత అమ్మమ్మని అడిగాడు. "పసిపిల్ల కడిగిన పెట్టిలు ఓసారి సూసుకోకుండానే రాసీసావా?"

"రాసీసాను. వొచ్చిన కొత్తలో కళ్లు బాగానే ఉన్నాయి. సూడొచ్చు. ఆ పసుపు, ఆ కుంకం సూసి మనోళ్ల పనే గదా అని నమ్మీసాను." ఆమె నా భుజం వదిలేసి తిన్నగా నిలబడింది. "నిన్నటి సింహాద్రమ్మనీ నమ్మొద్దు, ఇయాల్టి దాన్నీ నమ్మొద్దు. బావినే అడుగుదాం. తగరం ముక్కొకటి, సీసం ముక్కొకటి, జింకు ముక్కొకటి ఇనప తీగకి కట్టి అడుక్కి దింపండి. నా పాత లెక్క నిజమైతే మూడూ అలాగే పైకొత్తాయి. అప్పుడు నన్నూ నా మనవరాల్నీ ఈ లంకలోంచి తరిమీండి, తిరునాళ్లు సేసుకోండి."

"తగరం కరిగితే?" అన్నాడు మావ.

"నా లెక్కకి కరక్కూడదు."

"సీసం?"

"సీసం కరగాలంటే ఇంకా ఎక్కువ యేడి కావాల. అదీ కరిగితే బావి మూసీడమే."

బావికి ఇంకా మూడు రోజులు

పొద్దున్న తొమ్మిదింటికి తీగ దింపారు. తొమ్మిది వందల మీటర్లు దిగడానికి గంట పట్టింది. రెండు గంటలు అడుగున ఉంచారు. అమ్మమ్మ బావి పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను గొడుగు పట్టుకున్నాను. మా ఇద్దరితో ఎవరూ మాట్లాడలేదు. మావ మాత్రం ఒకసారి వచ్చి నా జుట్టు చెరిపి వెళ్లాడు.

తీగ పైకి చుడుతున్నప్పుడు నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. మూడూ అలాగే పైకి రావాలని కోరుకున్నాను. అందరి ముందూ మేం చెప్పింది అబద్ధమే కావాలని, మావ కొత్త చొక్కా వేసుకోవాలని, కొండ చల్లగా ఉండాలని.

తీగ చివర వచ్చింది. మావ చేతికి తొడుగులు వేసుకుని పట్టుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

"అప్పన్నా, సెప్పరా" అంది అమ్మమ్మ.

"తగరం నేదు."

"ఊఁ."

"సీసం కూడా నేదమ్మా. కట్టిన ముడి మాత్రమే ఉంది. జింకు ఒక్కటే మిగిలింది, అదీ మెత్తబడి ఒంగిపోయింది."

దండాసి తాత వచ్చి ఆ ఖాళీ ముడిని వేలితో తాకి చూశాడు. డ్రిల్లు పనివాళ్లలో ఒకతను వెళ్లి తన భార్య పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. దండాసి తాత తలపాగా తీసి, మొహం తుడుచుకుని, "సిమెంటు తెండి" అన్నాడు.

సాయంత్రానికి బావి నోరు మూసేశారు. కొండ పక్క వరస ఇళ్లవాళ్లు కొండకి దూరంగా ఉన్న లంక తూర్పు కొమ్ముకి సామాన్లు మోసుకోవడం మొదలుపెట్టారు. పడవలన్నీ ఒడ్డుకి లాగి నీళ్లవైపు తిప్పి పెట్టారు. అమ్మకి కబురు వెళ్లింది. కొలిచే తీగలు ఒకటి కాదు, నాలుగు తెమ్మన్నారు.

మావ ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర ఆగకుండానే లోపలికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు. తర్వాత "ఉప్పు తక్కువైందే" అన్నాడు. అది ఆయన ఏడుపు.

బావి రోజు

బావి లేదు కానీ రోజు వచ్చింది.

మూడు రోజులుగా అమ్మమ్మ నాతో మాట్లాడలేదు. అరవలేదు, అలగలేదు. అన్నం పెడితే తింది, చెయ్యి పట్టుకుంటే నడిచింది. కానీ పొద్దున్నే షెడ్డుకి తీసుకెళ్లమని మావని అడిగేది, నన్ను కాదు. పెట్టెలన్నీ నేల మీద పరిపించుకుని, ఒక్కో ముక్కా వేళ్లతో తడుముకుంటూ సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. నేను గుమ్మం బయట కూర్చునేదాన్ని. నేనున్నానని ఆమెకి తెలుసు. నా అడుగుల చప్పుడు ఆమెకి తెలీకుండా ఉండదు.

కొండ పేలుతుందేమో అన్న భయం కన్నా ఇది పెద్దగా ఉంది. చెప్పకుండా ఉంచుకున్నన్నాళ్లూ ఆమె నా పక్కనే ఉంది. చెప్పాక లేకుండా పోయింది. చెప్పడం తప్పని అనుకోలేదు. కానీ ఆ బోసినవ్వు ఇంక నాకు దొరకదేమో అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం లోపల్నుంచి పిలిచింది.

"ఓలే, ఎంతసేపు కూకుంటావక్కడ? ఎండ తగుల్తంది. లోపలికి రా. నోటుబుక్కు తెచ్చుకో, కొత్తది."

తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. మా మధ్య తొమ్మిది పెట్టెలున్నాయి. వాటిని ఆమె తిరగేసి పెట్టించింది. ఇప్పుడు పచ్చగింజల రాయి నా దగ్గర ఉంది, తెల్లగింజల రాయి గోడ దగ్గర ఉంది.

"ఇయ్యన్నీ తడిమి సూసేను" అంది. "బాగా కలుత్తన్నాయే. నాలుగు సోట్లా కలిసిపోయాయి. నాను ఆరేళ్లు ముక్క పోయింది, ముక్క పోయిందని ఏడ్సిన సోట్లు." చేతిలో పచ్చగింజల ముక్క తిప్పుతూ ఉండిపోయింది. "ఇది నాతో పాటే ముసిల్దైపోతందనుకున్నాను. నా కళ్లు సల్లారిపోతంటే దాని కడుపూ సల్లారిపోతందని. అలా అనుకోడం బాగుండేది, ఏటో తోడున్నట్టు. కాదే. మొదట ఎవురిదో నిలవ సరుకు బైటికి తోసింది. దాని సొంతది ఇప్పుడిప్పుడే వొత్తంది. ఇది నీ ఈడు పిల్లే. ఇంకా వోణీ కూడా ఎయ్యనేదు."

అని నవ్వింది. బోసినోరు అంతా తెరిచి. నేను నోటుబుక్కు తెరిచాను.

"బయ్యమేస్తందా?"

"వేస్తోంది."

"నాకూ ఏస్తంది. రాయ్. ముందు తప్పు రాయాలి, తర్వాతే సరిత్ర. 'ఈ పెట్టెల వరస ఒకసారి తలకిందులైనది. కడిగినది నా మనవరాలు నూకరత్నం, వయసు పది. చూసుకోనిది నేను, వయసు అరవై ఆరు.' రాసేవా?"

పుస్తకంలో రాయించేటప్పుడు అమ్మమ్మ భాష మారిపోతుంది. రాశాను.

"ఇప్పుడు సెప్పు. ఆయుధ పూజకి అందరూ అయ్యీ ఇయ్యీ కడుగుతారు. నువ్వు నా రాళ్లే ఎందుకు కడిగేవే?"

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు, సిగ్గేసి.

"పూజ చేసిన పనిముట్టు ఏడాదంతా బాగా పనిచేస్తుందని మావ చెప్పాడు" అన్నాను. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. నువ్వు రోజంతా చూసేవి రాళ్లే కదా. వీటిని కడిగి పసుపు రాస్తే నీకు చూపు వచ్చేస్తుందనుకున్నాను."

అమ్మమ్మ చేతిలోని ముక్కని కింద పెట్టింది. షెడ్డు రేకు మీద బూడిద సన్నగా రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెట్టెల మీదుగా చెయ్యి చాపి గాలిలో వెతికింది. నేను ముందుకి వంగితే నా చెంప దొరికింది. ఆ చేతికి రాతిపొడి ఉంది.

"అదీ రాయ్" అంది.

"చరిత్రలో అదెందుకమ్మమ్మా?"

"రేపు ఇంకోడు సదూతాడు. తప్పెలా జరిగిందో తెలియాలా, వొద్దా? రాయ్ అన్నానా."

రాశాను.